రిమోట్ యాప్‌లో ట్రైలర్ బటన్: టీవీలో ఆడాలా, ఫోన్‌లో ఆడాలా, అసలు ఆడుతుందా?

అరచేతి_రిమోట్ · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. కోడీ మీడియా సెంటర్‌కి (టీవీకి తగిలించిన పెట్టెలో సినిమాలు ఆడించే సాఫ్ట్‌వేర్) ఆండ్రాయిడ్‌లో సొంతంగా రిమోట్ యాప్ ఒకటి రాసుకుంటున్నాను. అమ్మడానికి కాదు, ఇంట్లోవాళ్ళకీ నలుగురు స్నేహితులకీ. ప్లే, పాజ్, వాల్యూమ్, పోస్టర్లతో సినిమాల జాబితా అన్నీ నడుస్తున్నాయి. ట్రైలర్ బటన్ దగ్గర బండి దిగబడింది.

జేసన్ ఆర్పీసీలో (బయటి యాప్‌లు కోడీతో మాట్లాడే పద్ధతి) వీడియోలైబ్రరీ.గెట్‌మూవీడీటెయిల్స్ పిలిచి, ప్రాపర్టీల్లో ట్రైలర్ అడిగితే ఒక స్ట్రింగ్ (అక్షరాల వరస) వస్తోంది. దాన్ని ప్లేయర్.ఓపెన్‌కి ఇస్తే టీవీలో చాలా వరకు ఆడుతోంది. అదే స్ట్రింగ్‌ని ఫోన్‌లో తెరవమంటే ఏమీ జరగడం లేదు. కొన్నిటికి టీవీలోనూ ఆడదు, ఒక మూల ఎర్రర్ మెరిసి మాయమవుతుంది.

ఇంతకంటే పెద్ద గొడవ నిన్న జరిగింది. ఇంట్లో అందరూ సినిమా చూస్తున్నారు. రెండున్నర గంటల సినిమా, ఇంకో పది నిమిషాలుంది. మా బావమరిది నా యాప్ తెరిచి, తర్వాత ఏం చూద్దామా అని వేరే సినిమా ట్రైలర్ నొక్కాడు. టీవీలో ఫైటు పోయి ట్రైలర్ వచ్చింది. మళ్ళీ సినిమా తెరిస్తే ఆపిన చోటి నుంచి మొదలుపెట్టాలా అని కోడీ అడగనేలేదు. పైగా చూసేసినట్టు టిక్కు పెట్టుకుంది. తిట్లు వాడికి కొన్ని, నాకు మిగతావన్నీ.

ట్రైలర్‌ని ఎలా పట్టుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

---

పాతటీవీ · సోమవారం, రాత్రి 11:05

ముందుగా మీ బావమరిదికి నా సానుభూతి.

కోడీకి దీర్ఘం ఇచ్చి రాసినందుకు ధన్యవాదాలు. పోయినసారి ఎవరో దీర్ఘం లేకుండా "కోడి ఆగిపోయింది, ఏం చేయాలి" అని పెడితే సగంమంది పశువైద్యుణ్ణి పిలవమన్నారు. 2014 దాకా ఎక్స్‌బీఎంసీ అన్న పేరుండేది, పలకడం కష్టమైనా ఈ బాధ లేదు.

అసలు విషయానికి వస్తే, ఆ స్ట్రింగ్‌లు ఎన్ని రకాలుగా వస్తున్నాయో చెప్పండి. కోడీ ఏ వెర్షనో కూడా.

---

అరచేతి_రిమోట్ · సోమవారం, రాత్రి 11:20

వెర్షన్ 20. స్ట్రింగ్‌లు నాలుగు రకాలు కనిపించాయి.

ఎక్కువ భాగం "ప్లగిన్" అని మొదలై, మధ్యలో యూట్యూబ్ యాడ్ఆన్ (కోడీకి విడిగా తగిలించే చిన్న ప్రోగ్రామ్) పేరు, చివర వీడియో ఐడీ ఉన్నవి. కొన్ని హార్డ్ డిస్కు మీది ఫైలు దారులు, సినిమా పక్కన నేనే పెట్టుకున్న ట్రైలర్లవి. ఒకటో రెండో మామూలు వెబ్ లింకులు. మిగతావి ఖాళీ.

---

అటకమీద_సర్వర్ · మంగళవారం, ఉదయం 6:50

మీ చిక్కంతా ఇక్కడే ఉంది. మీరు దాన్ని లింకు అనుకుంటున్నారు. అది లింకు కాదు, కోడీకి మాత్రమే అర్థమయ్యే చిరునామా. "ప్లగిన్" అని మొదలైందంటే "ఫలానా యాడ్ఆన్‌ని లేపి, ఈ ఐడీ దాని చేతిలో పెట్టు" అని కోడీకి చెప్పే మాట. ఫోన్‌కి ఆ యాడ్ఆన్ ఎవరో తెలియదు. హార్డ్ డిస్కు దారి కూడా అంతే, అది టీవీ పక్కనున్న పెట్టెలోని దారి, మీ జేబులో ఉన్నదానిది కాదు.

కాబట్టి స్ట్రింగ్ రాగానే ముందు దాని కులగోత్రాలు కనుక్కోండి. యూట్యూబ్ ప్లగిన్ అయితే ఐడీ ఒక్కటే తీసుకుని మిగతాది పారేయండి. ఇక్కడ ఒక గుంట ఉంది. పాత లైబ్రరీల్లో ఆ ఐడీ ముందుండే పేరు "వీడియోఐడీ", కలిపి రాసి ఉంటుంది. కొత్తవాటిలో "వీడియో" తర్వాత అండర్‌స్కోర్, ఆ తర్వాత "ఐడీ". ఎప్పుడో స్క్రేప్ చేసిన (వివరాలు నెట్ నుంచి తెచ్చి లైబ్రరీలో చేర్చిన) సినిమా పాత రూపంలోనే ఉండిపోతుంది, ఎవరూ వచ్చి మార్చరు. రెండిటినీ చూసుకోవాలి. చివరి పదకొండు అక్షరాలు కోసేస్తే సరిపోదా అనిపిస్తుంది, యూట్యూబ్ ఐడీ పదకొండు అక్షరాలే కాబట్టి. ఆ ఐడీ వెనక ఇంకో పారామీటర్ తగిలించి ఉంటే మీ కత్తెర తప్పుచోట పడుతుంది. క్వెరీని (చిరునామాలో ప్రశ్నార్థకం తర్వాతి భాగాన్ని) పద్ధతిగా విడగొట్టి, పేరు చూసి తీసుకోండి. వచ్చింది పదకొండు అక్షరాలేనా అన్నది తనిఖీకి వాడుకోండి.

ఐడీ చేతికొచ్చాక యూట్యూబ్ వాచ్ లింకు మీరే కట్టి, ఫోన్‌కి తెరవమని ఇవ్వొచ్చు. టీవీకి మాత్రం కోడీ ఇచ్చిన స్ట్రింగ్‌నే ముట్టుకోకుండా తిరిగివ్వండి.

---

పిల్లకాకి · మంగళవారం, ఉదయం 9:31

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి, నేను కోడ్ రాసేవాణ్ణి కాదు, ఉత్త వాడకందారుణ్ణి. నాకు టీవీలో ఏ ట్రైలరూ ఆడదు, అన్నిటికీ ఎర్రరే. ఫోన్‌లో అయితే ఆడతాయి. నా తప్పేమైనా ఉందా?

---

అటకమీద_సర్వర్ · మంగళవారం, ఉదయం 9:48

@పిల్లకాకి యూట్యూబ్ యాడ్ఆన్ వేసుకున్నారా? కోడీతో పాటు రాదు, విడిగా వేసుకోవాలి. వేసుకుని ఉంటే దాని సెట్టింగుల్లో మీ సొంత ఏపీఐ కీ (యూట్యూబ్ సమాచారం తెచ్చుకోవడానికి గూగుల్ ఇచ్చే తాళంచెవి లాంటిది) పెట్టారా చూడండి. ఒకే కీ అందరూ పంచుకుంటే రోజువారీ కోటా అయిపోతుంది. అందుకే ఎవరి కీ వాళ్ళు తెచ్చుకోమంటారు.

---

పిల్లకాకి · మంగళవారం, ఉదయం 10:15

యాడ్ఆనే లేదు. వేసి, కీ పెట్టాను. ఆడుతోంది. పేరు పెట్టుకున్నందుకు ఉండేలు దెబ్బ తగిలింది.

---

అరచేతి_రిమోట్ · మంగళవారం, రాత్రి 9:02

@అటకమీద_సర్వర్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. నా ఫోన్‌లో అద్భుతంగా ఆడుతోంది. స్నేహితుడి ఫోన్‌లో మాత్రం "తెరవడానికి యాప్ లేదు" అని నేను రాసిన సందేశమే వస్తోంది. వాడి ఫోన్‌లో యూట్యూబ్ ఉంది, నా కళ్ళతో చూశాను. నాది పాత ఫోను, వాడిది కొత్తది.

---

నిద్రలేని_కోడర్ · బుధవారం, అర్ధరాత్రి 1:37

తెరిచే ముందు "ఈ ఇంటెంట్‌ని (వేరే యాప్‌కి పంపే కోరికని) ఎవరైనా అందుకుంటారా" అని రిజాల్వ్‌యాక్టివిటీతో అడుగుతున్నారు కదూ? ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక యాప్‌కి పక్క యాప్‌లు ఊరికే కనబడవు. మ్యానిఫెస్ట్‌లో (యాప్ తన వివరాలు చెప్పుకునే ఫైల్లో) క్వెరీస్ అన్న భాగంలో "నేను ఇలాంటివాటి కోసం చూస్తాను" అని ముందే రాసుకోవాలి. రాయకపోతే యూట్యూబ్ ఉన్నా లేదనే జవాబొస్తుంది.

నన్నడిగితే ఆ అడగడమే మానేయండి. నేరుగా తెరవమనండి, తెరవలేకపోతే వచ్చే ఎక్సెప్షన్‌ని పట్టుకుని అప్పుడు సందేశం చూపించండి. తెరవడానికి ఈ అనుమతి అక్కర్లేదు, అడగడానికే కావాలి. నేను ఇది తెలుసుకోవడానికి రెండు రాత్రులు తగలేశాను, నా పేరు ఊరికే రాలేదు.

---

అరచేతి_రిమోట్ · బుధవారం, ఉదయం 7:10

అదే బ్రో, అక్షరాలా అదే. తీసేశాను, ఆడింది. అర్ధరాత్రి మేలుకుని మరీ చెప్పారు, ఋణపడిపోయాను.

ఇక హార్డ్ డిస్కు మీది ట్రైలర్లు. వాటిని ఫోన్‌లో చూసే దారి ఉందా?

---

వైర్ల_చిక్కు · బుధవారం, ఉదయం 11:26

ఉంది, కొంచెం ముళ్ళదారి.

ముందు మీ ఫైళ్ళ పేర్లు సరిచూసుకోండి. సినిమా ఫైలు పేరే పెట్టి, చివర హైఫన్, ట్రైలర్ అని ఉంటే కోడీ దాన్ని ఆ సినిమా ట్రైలర్‌గా గుర్తుపడుతుంది. హైఫన్ బదులు ఖాళీ వదిలితే దాన్ని ఇంకో సినిమా అనుకుని లైబ్రరీలో చేర్చుకునే ప్రమాదం ఉంది. నా దగ్గర ఒకే సినిమా రెండుసార్లు కనబడితే కారణం ఇదే.

ఫోన్‌కి పంపడానికి ఫైల్స్.ప్రిపేర్‌డౌన్‌లోడ్ అనే మెథడ్ ఉంది. దారి ఇస్తే "వీఎఫ్ఎస్" అని మొదలయ్యే ఇంకో దారి తిరిగిస్తుంది. దాని ముందు కోడీ ఉన్న పెట్టె ఐపీ, వెబ్ సర్వర్ పోర్టు తగిలిస్తే ఫోన్‌లో ఆడే లింకు అవుతుంది. పోర్టు మార్చకపోతే 8080. మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఇది హెచ్‌టీటీపీ మీదే పనిచేస్తుంది, 9090 సాకెట్ (కోడీతో తెగకుండా ఉండే కనెక్షన్) మీద అడిగితే రాదు. ఫైలు కోడీలో మీరు చేర్చిన వీడియో సోర్సుల లోపల ఉండాలి, బయట ఫోల్డర్‌లో ఉంటే ఇవ్వదు. చివరిది, కోడీ దేన్నీ మార్చి పంపదు, ఉన్నది ఉన్నట్టు తోసేస్తుంది. మీ ట్రైలర్ ఫోన్‌కి తెలియని కోడెక్‌లో (వీడియోని కుదించే పద్ధతిలో) ఉంటే శబ్దం వచ్చి బొమ్మ రాదు, లేదా బొమ్మ వచ్చి శబ్దం రాదు.

---

అరచేతి_రిమోట్ · బుధవారం, మధ్యాహ్నం 1:15

పాస్‌వర్డ్ సంగతి? కోడీకి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టాను. లింకుని వేరే వీడియో ప్లేయర్‌కి ఇస్తే అది లోపలికి వెళ్ళలేకపోతోంది.

---

వైర్ల_చిక్కు · బుధవారం, మధ్యాహ్నం 1:40

లింకులోనే పేరూ పాస్‌వర్డూ కూర్చి ఇవ్వొచ్చు, కొన్ని ప్లేయర్లు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. పైగా మీ పాస్‌వర్డ్ పక్క యాప్ చేతికి వెళ్ళిపోతుంది. అది నాకు నచ్చదు. మీ యాప్‌లోనే ఎక్సోప్లేయర్ (ఆండ్రాయిడ్ యాప్‌లలో కూర్చుకునే వీడియో ప్లేయర్) పెట్టుకుని, పేరూ పాస్‌వర్డూ ఉండే ఆథరైజేషన్ హెడర్ మీరే పంపుకోండి. రెండున్నర నిమిషాల వీడియోకి ఇంతకంటే హంగులక్కర్లేదు.

---

పాతటీవీ · బుధవారం, సాయంత్రం 6:30

ఇవన్నీ బాగానే ఉన్నాయి గానీ, బావమరిది కేసు ఎవరూ ముట్టుకోలేదు. ఆ క్లైమాక్స్ ఎందుకు పోయిందో నాకు తెలుసు.

కోడీ సినిమా ఆగిన చోటు గుర్తుపెట్టుకుంటుంది, కానీ ప్రతిసారీ కాదు. దానికి మూడు లెక్కలున్నాయి. మొదటి 180 సెకన్లలో ఆగితే గుర్తుపెట్టుకోదు, ఇంకా మొదలుపెట్టలేదు లెమ్మనుకుంటుంది. చివరి 8 శాతంలో ఆగినా గుర్తుపెట్టుకోదు, పేర్లు పడుతున్నాయి లెమ్మనుకుంటుంది. 90 శాతం దాటితే చూసేసినట్టు టిక్కు పెడుతుంది. అడ్వాన్స్‌డ్‌సెట్టింగ్స్ ఫైల్లో మీరు ఏమీ రాసుకోకపోతే ఇవే నడుస్తాయి.

ఇప్పుడు మీ సినిమా చూడండి. 150 నిమిషాలు. 8 శాతం అంటే 12 నిమిషాలు. 90 శాతం అంటే 135వ నిమిషం. మీ బావమరిది నొక్కింది 140వ నిమిషంలో. అంటే రెండు గీతలూ దాటాక సరిగ్గా ఆ సందులో వేలు పెట్టాడు. ఓ పావుగంట ముందు నొక్కి ఉంటే కోడీ బుద్ధిగా "ఆపిన చోటి నుంచా?" అని అడిగేది, మీకు ఈ చర్చ మొదలుపెట్టే అవసరమే ఉండేది కాదు.

సరదా సంగతి ఒకటి. ట్రైలర్లు సాధారణంగా 180 సెకన్లకి లోపే ఉంటాయి కాబట్టి సగంలో ఆపినా వాటికి రెజ్యూమ్ పాయింటు పడదు. లేకపోతే ప్రతి ట్రైలర్‌కీ "ఆపిన చోటి నుంచా" అని అడిగి చంపేది.

---

అరచేతి_రిమోట్ · బుధవారం, రాత్రి 8:19

ఇదా సంగతి! ఇంట్లో చదివి వినిపించాను. "అయితే తప్పు నాది కాదు, పర్సెంటేజీది" అంటున్నాడు.

సరే, దీన్ని యాప్ వైపు ఎలా ఆపాలి? నా ఆలోచన ఇది. ట్రైలర్ నొక్కగానే సినిమా ఎక్కడుందో నేనే రాసి పెట్టుకుంటాను, ట్రైలర్ అయ్యాక మళ్ళీ అక్కడి నుంచి సినిమా వేస్తాను.

---

నిద్రలేని_కోడర్ · గురువారం, అర్ధరాత్రి 12:58

చేయొచ్చు. నేను చేశాను, చేసి తీసేశాను. ఎందుకో చెబుతాను.

మొదట ప్లేయర్.గెట్‌యాక్టివ్‌ప్లేయర్స్ అడగండి. ఖాళీ జాబితా వస్తే టీవీ తీరిగ్గా ఉంది, మారు మాట్లాడకుండా ట్రైలర్ వేసేయండి. వీడియో ప్లేయర్ ఉందని వస్తే ప్లేయర్.గెట్‌ఐటమ్‌తో ఏ సినిమానో, దాని ఐడీ ఏమిటో తీసుకోండి. ప్లేయర్.గెట్‌ప్రాపర్టీస్‌తో సమయం తీసుకోండి. తర్వాత ట్రైలర్ వేయండి. అది ముగిశాక ప్లేయర్.ఓపెన్‌కి సినిమా ఐడీ ఇచ్చి, ఆప్షన్లలో రెజ్యూమ్ దగ్గర గంటలు, నిమిషాలు, సెకన్లు విడివిడిగా పెట్టండి. ఊరికే "అవును" అని పెడితే కోడీ తను గుర్తుపెట్టుకున్న చోటే వెతుకుతుంది. పాతటీవీ గారు చెప్పిన సందుల్లో దానికేమీ గుర్తుండదు కదా. సమయం మీరే ఇస్తే ఆ బాధ లేదు.

వినడానికి నున్నగా ఉందా? ఇక్కడి నుంచి గతుకులు. ట్రైలర్ ముగిసిందని మీకు తెలిసేది 9090 సాకెట్ మీద వచ్చే ప్లేయర్.ఆన్‌స్టాప్ అనే నోటిఫికేషన్‌తో. మీరు ట్రైలర్ వేయగానే సినిమా ఆగుతుంది కదా, దానికీ ఒక ఆన్‌స్టాప్ వచ్చింది నాకు. నా యాప్ దాన్ని చూసి ట్రైలర్ అయిపోయిందనుకుని వెంటనే సినిమా మళ్ళీ వేసింది. ట్రైలర్ మొదలవకముందే సినిమా, సినిమా మొదలయ్యేలోపు ట్రైలర్. టీవీకి వెక్కిళ్ళు పట్టినట్టయింది.

మందు ఏమిటంటే, ఆన్‌ఏవీస్టార్ట్ వచ్చేదాకా ఏ ఆన్‌స్టాప్‌నీ లెక్కచేయకండి. బొమ్మ, శబ్దం నిజంగా మొదలయ్యాకే అది వస్తుంది. వెర్షన్ 18 నుంచీ ఉంది. ఆన్‌ప్లే మీద ఆధారపడితే అది ముందే వచ్చేస్తుంది. అలాగే ఆన్‌స్టాప్‌లో "ఎండ్" అనే విలువ చూడండి. నిజం అని ఉంటే ట్రైలర్ చివరిదాకా ఆడింది. అబద్ధం అని ఉంటే ఎవరో ఆపారు.

---

పాతటీవీ · గురువారం, ఉదయం 7:45

ఎవరో ఆపితే సినిమాకి తిరిగి వెళ్ళాలా వద్దా?

---

నిద్రలేని_కోడర్ · గురువారం, ఉదయం 11:12

అదే చెప్పబోతున్నా. ట్రైలర్ చూసి విసుగొచ్చి ఆపితే సినిమా తిరిగి రావాలి. ట్రైలర్ నచ్చి, ఆపేసి ఆ కొత్త సినిమానే వేస్తే పాత సినిమా రాకూడదు. రెండిటికీ నోటిఫికేషన్ ఒకేలా ఉంటుంది. మనిషి మనసులో ఏముందో సాకెట్ మీద రాదు.

ఇంకా ఉన్నాయి. ఆ సినిమా ఒక ప్లేలిస్టులో భాగమైతే, మీరు ట్రైలర్ వేయగానే ఆ వరస పోతుంది. ముందే ప్లేలిస్ట్.గెట్‌ఐటమ్స్‌తో మొత్తం రాసుకోవాలి. ఈలోపు ఫోన్ స్క్రీన్ ఆరిపోతే ఆండ్రాయిడ్ మీ యాప్‌ని పడుకోబెడుతుంది, సాకెట్ తెగుతుంది, ఆన్‌స్టాప్ వచ్చినా వినేవాడు ఉండడు. ట్రైలర్ అయిపోయి, టీవీ మెనూ చూపిస్తూ, సోఫాలో నలుగురూ మీ వైపు చూస్తూ ఉంటారు. అందుకే తీసేశాను.

---

వైర్ల_చిక్కు · గురువారం, మధ్యాహ్నం 12:03

ఫోన్ మీద భారం వేయడం వల్ల ఇదంతా. ఈ పని కోడీ వైపే చేయాలి. చిన్న యాడ్ఆన్ రాసి అక్కడ పెట్టండి, ఫోన్ నుంచి యాడ్ఆన్స్.ఎగ్జిక్యూట్‌యాడ్ఆన్‌తో దాన్ని పిలవండి. సినిమా సంగతి గుర్తుపెట్టుకోవడం, ట్రైలర్ అయ్యాక తిరిగి వేయడం అదే చూసుకుంటుంది. ఫోన్ నిద్రపోయినా, బ్యాటరీ అయిపోయినా దానికేం పట్టదు.

---

అటకమీద_సర్వర్ · గురువారం, సాయంత్రం 5:20

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. రెండున్నర నిమిషాల ట్రైలర్ కోసం ప్రతి కోడీ పెట్టెలోనూ యాడ్ఆన్ వేయించాలా? వీరి నలుగురు స్నేహితుల ఇళ్ళకీ వెళ్ళి ఎవరు వేస్తారు?

నా అభిప్రాయం వేరు. నలుగురూ సినిమా చూస్తున్నప్పుడు టీవీలో ట్రైలర్ వేయడానికి అసలు కారణమే లేదు. ఫోన్ పట్టుకున్నవాడికి ట్రైలర్ కావాలి, అది ఫోన్‌లోనే చూడమనండి. టీవీ ఖాళీగా ఉంటే టీవీలో. వీడియో ఆడుతుంటే బటన్ దానంతట అదే "ఫోన్‌లో చూడు" అయిపోవాలి. బటన్‌ని నొక్కి పట్టుకుంటే మాత్రం టీవీ ఎంపిక రానివ్వండి, పట్టుబట్టేవాళ్ళు ఉంటారు కాబట్టి. ప్రశ్న అడిగే పెట్టె కూడా వద్దు. ప్రతిసారీ అడిగితే మూడోసారి నుంచి చదవకుండానే "సరే" నొక్కుతారు, మళ్ళీ బావమరిది కథే.

---

పాతటీవీ · గురువారం, సాయంత్రం 6:02

పాజ్‌లో ఉంటే?

---

అటకమీద_సర్వర్ · గురువారం, సాయంత్రం 6:15

పాజ్‌లో ఉన్నా ఆడుతున్నట్టే లెక్క. ఎవరో నీళ్ళు తాగడానికి లేచారంతే.

పాటలు ఆడుతుంటే అది వేరే ప్లేయర్, టైపు చూస్తే తెలుస్తుంది. పాట ఆగిపోతే ఎవరూ ఏడవరు, నేనైతే టీవీలోనే వేస్తాను.

---

వైర్ల_చిక్కు · గురువారం, సాయంత్రం 6:48

పాట ఆగితే ఏడ్చేవాళ్ళు మా ఇంట్లో ఉన్నారు. సరే, మీ మాటే కానివ్వండి.

---

పిల్లకాకి · గురువారం, రాత్రి 9:40

వాడకందారుడి ఫిర్యాదు ఒకటి. నేను వాడే రిమోట్ యాప్‌లో ట్రైలర్ అని నొక్కితే సగం సినిమాలకి టీజర్ వస్తుంది, కొన్నిటికి వేరే భాష డబ్బింగ్ ట్రైలర్ వస్తుంది, కొన్నిటికి "ఈ వీడియో అందుబాటులో లేదు" అని వస్తుంది. ఇది సరిచేయగలరా?

---

అరచేతి_రిమోట్ · గురువారం, రాత్రి 10:05

నాదీ ఇదే గోడు. ఖాళీగా వచ్చే సినిమాలు కూడా ఉన్నాయి.

---

నిద్రలేని_కోడర్ · శుక్రవారం, అర్ధరాత్రి 2:11

సినిమాని లైబ్రరీలో చేర్చిన రోజు స్క్రేపర్ ఒక్క ట్రైలర్ ఎంచుకుని రాసేస్తుంది. ఆ తర్వాత దాని ముఖం చూడదు. ఆ రోజుకి టీజర్ మాత్రమే ఉంటే టీజరే ఉండిపోతుంది. అప్‌లోడ్ చేసినవాళ్ళు తర్వాత తీసేసినా మీ లైబ్రరీలో ఆ ఐడీ అలాగే ఉంటుంది.

మీ యాప్ తనే వెతుక్కోవచ్చు. గెట్‌మూవీడీటెయిల్స్‌లో యూనిక్‌ఐడీ అడగండి, టీఎండీబీ (నెట్‌లో సినిమా వివరాల డేటాబేస్) నంబరు ఉంటే ఇస్తుంది. ఐఎండీబీ నంబరు మాత్రమే ఉంటే టీఎండీబీలో ఫైండ్ అనే పిలుపుతో మార్చుకోవచ్చు. ఆ నంబరుతో వీడియోల జాబితా తెప్పిస్తే ఒక్కోదానికీ రకం, భాష, అధికారికమా కాదా, ఏ సైటు, ఏ రోజు వచ్చింది అన్నీ ఉంటాయి. రకం "ట్రైలర్" ఉన్నవి మాత్రమే తీసుకోండి. టీజర్, క్లిప్, ఫీచరెట్ అన్నీ అదే జాబితాలో కలిసి ఉంటాయి. సైటు యూట్యూబే అనుకోకండి, విమియో కూడా వస్తుంది. దాని ఐడీని యూట్యూబ్ లింకులో పెడితే ఎక్కడికీ వెళ్ళదు.

భాష దగ్గర ఒక మెలిక. తెలుగు అని అడిగితే తెలుగువి మాత్రమే ఇస్తుంది. లేకపోతే ఖాళీ, తనంతట తాను ఇంకో భాషకి వెళ్ళదు. కాబట్టి వరసగా అడగండి. మొదట వాడేవాడి భాష, తర్వాత సినిమా అసలు భాష, ఆఖరికి ఇంగ్లీషు. పిల్లకాకి గారికి వచ్చిన డబ్బింగ్ గోల చాలావరకు ఈ మధ్య మెట్టు లేకపోవడం వల్లే. చాలామంది తమ భాష తర్వాత నేరుగా ఇంగ్లీషుకి దూకేస్తారు.

దొరికినదాన్ని వీడియోలైబ్రరీ.సెట్‌మూవీడీటెయిల్స్‌తో కోడీలోకి తిరిగి రాయొచ్చు కూడా. నేను రాయను. వాడేవాడు చేత్తో ఎంచుకుని పెట్టుకున్న ట్రైలర్ మీద మన యాప్ తొక్కేస్తే బాగుండదు. యాప్ క్యాష్‌లో ఉంచుకుంటే చాలు.

---

వైర్ల_చిక్కు · శుక్రవారం, ఉదయం 8:30

పోయిన వీడియోని ముందే పసిగట్టాలంటే యూట్యూబ్ ఓఎంబెడ్ అనే చిరునామా ఉంది, కీ అక్కర్లేదు. వాచ్ లింకు ఇచ్చి అడిగితే 200 వస్తే వీడియో బతికుంది. లేకపోతే ఎర్రర్ కోడ్. ట్రైలర్ పేజీ తెరిచినప్పుడు అడిగితే చాలు, జాబితా మొత్తానికి అడగొద్దు.

ఏదీ దొరకకపోతే యూట్యూబ్ డేటా ఏపీఐతో వెతికేద్దామని మీకు అనిపిస్తుంది. వద్దు. రోజుకి మామూలుగా ఇచ్చే కోటా 10,000 యూనిట్లు, ఒక్క వెతుకులాటకి 100 పోతాయి. అంటే మీ యాప్ వాడేవాళ్ళందరికీ కలిపి రోజుకి వంద. సినిమా పేరు, సంవత్సరం, "ట్రైలర్" కలిపి యూట్యూబ్ సెర్చ్ పేజీని ఫోన్‌లో తెరిచేయండి, మిగతాది మనిషి చూసుకుంటాడు. సంవత్సరం మరవకండి, ఒకే పేరుతో మూడు సినిమాలున్నచోట తాతగారి సినిమా ట్రైలర్ వస్తుంది.

---

పిల్లకాకి · శుక్రవారం, మధ్యాహ్నం 2:22

ఇంకొక్క కోరిక. థియేటర్‌లోలాగా సినిమాకి ముందు మూడు ట్రైలర్లు వేయించొచ్చా?

---

పాతటీవీ · శుక్రవారం, మధ్యాహ్నం 3:10

వేయించొచ్చు. దానికోసమే సినిమావిజన్ అనే యాడ్ఆన్ ఉంది. యాప్‌లోనే కావాలంటే గెట్‌మూవీస్‌కి ఫిల్టర్లో "హ్యాజ్‌ట్రైలర్", ప్లేకౌంట్ (ఎన్నిసార్లు చూశారన్న లెక్క) సున్నా పెట్టి, సార్టు ర్యాండమ్ ఇచ్చి మూడు తెప్పించండి. వీడియో ప్లేలిస్టు నంబరు 1. దాన్ని ఖాళీ చేసి, మూడు ట్రైలర్లూ, చివర సినిమా చేర్చి, మొదటిదాని నుంచి ఆడించండి. ఇక్కడ ట్రైలర్ అయ్యాక సినిమా రావడం కోడీ పనే, ఫోన్ నిద్రపోయినా ఫర్వాలేదు.

---

నిద్రలేని_కోడర్ · శుక్రవారం, మధ్యాహ్నం 3:41

ఆగండాగండి. ఇది బావమరిది కేసుకి కూడా పనికొస్తుంది కదా! ట్రైలర్ ఒకటి, వెనక సినిమా ఒకటి ప్లేలిస్టులో పెడితే ఆన్‌స్టాప్ కోసం కాపలా అక్కర్లేదు.

---

పాతటీవీ · శుక్రవారం, సాయంత్రం 4:05

సినిమా మొదటి నుంచి మొదలవుతుంది బ్రో. రెజ్యూమ్ సమయం ప్లేయర్.ఓపెన్‌కి ఇస్తాం, ప్లేలిస్టులో రెండో వస్తువుకి విడిగా ఇవ్వలేం.

---

నిద్రలేని_కోడర్ · శుక్రవారం, సాయంత్రం 4:06

ఛ.

---

అరచేతి_రిమోట్ · ఆదివారం, రాత్రి 9:55

రెండు రోజులు కూర్చుని చేశాను. అటకమీద_సర్వర్ గారి పద్ధతే పెట్టాను. టీవీ ఖాళీ అయితే టీవీలో, వీడియో ఆడుతున్నా పాజ్‌లో ఉన్నా ఫోన్‌లో, నొక్కి పట్టుకుంటే టీవీ ఎంపిక. ఆ ఎంపికలో సినిమాకి తిరిగి వెళ్ళడం యాప్ తనంతట తాను చేయదు. సమయం రాసి పెట్టుకుని, ట్రైలర్ తర్వాత ఫోన్‌లో "సినిమాకి తిరిగి వెళ్ళు, 2 గంటల 20 నిమిషాలు" అని ఒక బటన్ చూపిస్తుంది. ట్రైలర్ ఆపిన మనిషి మనసులో ఏముందో ఆ మనిషే నొక్కి చెబుతాడు. సమయాన్ని డిస్కులో రాస్తున్నాను కాబట్టి యాప్ చచ్చి లేచినా బటన్ ఉంటుంది. ఆన్‌ఏవీస్టార్ట్ అవసరమే పడలేదు.

టిక్కు సంగతి మర్చిపోతే మళ్ళీ తిట్లు తినేవాణ్ణి. సమయంతో పాటు పాత ప్లేకౌంట్ కూడా రాసుకుంటున్నాను. తిరిగి వెళ్ళు నొక్కితే సెట్‌మూవీడీటెయిల్స్‌తో దాన్ని వెనక్కి పెట్టేస్తుంది.

ఇవాళ సాయంత్రం పరీక్ష పెట్టాను. సినిమా ఆడుతుండగా బావమరిదికే ఫోన్ ఇచ్చి ట్రైలర్ నొక్కమన్నాను. సినిమా కదల్లేదు. ఫోన్‌లో ట్రైలర్ మొదలైంది, ఫుల్ వాల్యూమ్‌లో. అందరూ మళ్ళీ నా వైపు చూశారు.

---

వైర్ల_చిక్కు · ఆదివారం, రాత్రి 10:12

యూట్యూబ్ యాప్‌లోకి వెళ్ళిపోతే శబ్దం మీ చేతిలో ఉండదు. కానీ సొంత ఫైళ్ళు మీ ఎక్సోప్లేయర్‌లోనే ఆడుతున్నాయి కదా, టీవీలో వీడియో ఉన్నప్పుడు వాటిని సున్నా వాల్యూమ్‌తో మొదలుపెట్టి, స్పీకర్ బొమ్మ చూపించండి.

---

అరచేతి_రిమోట్ · ఆదివారం, రాత్రి 10:20

పెడతాను. యూట్యూబ్‌వి తెరిచే ముందు "శబ్దం తగ్గించుకోండి" అని ఒక చిన్న టోస్ట్ (తెర మీద మెరిసి పోయే సందేశం) వేస్తే ఎలా ఉంటుంది?

---

అటకమీద_సర్వర్ · ఆదివారం, రాత్రి 10:31

టోస్ట్ చదివేలోపు మొదటి డైలాగ్ పేలిపోతుంది. ఫోన్ మీడియా వాల్యూమ్ ఎంతుందో చదవండి, సగం దాటి ఉంటేనే ఆపి అడగండి.

---

పిల్లకాకి · ఆదివారం, రాత్రి 10:58

యాప్ మాకూ ఇస్తారా?

---

అరచేతి_రిమోట్ · ఆదివారం, రాత్రి 11:14

@పిల్లకాకి ప్లేలిస్టులో ఉన్న సినిమా నుంచి వెళ్ళి వస్తే మిగతా వరస ఇంకా పోతోంది. అది అతికించాక ఇక్కడే పెడతాను.